కప్పలూ పాములూ చదువుతానంటే: హెర్పెటాలజీపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలో కొన్ని, తొలకరి పడ్డాక కొన్ని, నెట్ పరీక్ష నోటిఫికేషన్ వచ్చినప్పుడు మరికొన్ని. ఏటా నాకు ఇవే ప్రశ్నలు వస్తున్నాయి. విడివిడిగా జవాబులు రాసి రాసి అలిసిపోయి, అన్నీ ఒకచోట పెట్టాను. నేను ఇక్కడే జువాలజీ చదివి, కప్పల మీద పీహెచ్‌డీ చేసినదాన్ని. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి. ప్రవేశాల నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఆ ఏడాది నోటిఫికేషన్ మాత్రం తప్పకుండా చదవండి.

## ఇంటర్ అయ్యాక

హెర్పెటాలజీ అంటే పాముల గురించి చదవడమేనా?

కాదు. ఉభయచరాలు, సరీసృపాలు రెండూ అందులోకే వస్తాయి. కప్పలు, సాలమాండర్లు, కాళ్ళు లేని సిసీలియన్లు ఒక వైపు. పాములు, బల్లులు, తొండలు, ఉడుములు, తాబేళ్ళు, మొసళ్ళు ఇంకో వైపు. ప్రపంచంలో ఉభయచరాలు 8 వేలకు పైగా, సరీసృపాలు 12 వేలకు పైగా జాతులున్నాయి. నిజానికి పరిణామక్రమంలో మొసలికి దగ్గరి చుట్టం బల్లి కాదు, పక్షి. అయినా గ్రీకులో ‘పాకేది’ అనే మాట పట్టుకుని పాతకాలం వాళ్ళు వీటన్నిటినీ ఒకే గంపలో వేశారు. మన ‘సరీసృపం’ అన్న మాటకు అర్థమూ అదే. ఆ గంప అలాగే ఉండిపోయింది.

బీఎస్సీ హెర్పెటాలజీ ఏ కాలేజీలో ఉంది?

మన దేశంలో ఆ పేరుతో డిగ్రీ కోసం వెతకకండి. ఇక్కడ దారి జువాలజీ నుంచే. బ్రిటన్‌లో బాంగర్ యూనివర్సిటీ లాంటి ఒకటి రెండు చోట్ల జువాలజీతో కలిపి హెర్పెటాలజీ డిగ్రీ ఇస్తారు. తెలంగాణలో దోస్త్ ద్వారా, ఆంధ్రప్రదేశ్‌లో ఓఏఎండీసీ ద్వారా జువాలజీ ఉన్న డిగ్రీలో చేరవచ్చు. ఐదేళ్ళ బీఎస్-ఎంఎస్ కావాలంటే ఐఏటీ పరీక్ష రాసి కేంద్ర సైన్స్ విద్యాసంస్థలైన ఐసర్‌లలో తిరుపతిదానికో, మరోదానికో వెళ్ళవచ్చు. డిగ్రీ కాలేజీని ఎంచుకునేటప్పుడు పేరు కన్నా రెండు విషయాలు చూడండి. జువాలజీ మ్యూజియం తాళం తీసి ఉంటుందా? పిల్లల్ని ఫీల్డ్‌కి తీసుకెళ్ళే మేడమ్‌గానీ సార్‌గానీ ఒక్కరైనా ఉన్నారా?

నీట్‌లో సీటు రాలేదు. ఇందులో చేరితే బాగుంటుందా?

నీట్ కోసం చదివిన బయాలజీ వృథా పోదు. కానీ ‘ఏదో ఒకటి’ అనుకుని మాత్రం రావద్దు. ఎంబీబీఎస్‌కైతే చివర ఏముందో ఇంట్లో అందరికీ తెలుసు. ఇక్కడ మొదటి సరైన జీతం చేతికి వచ్చేసరికి డిగ్రీ తరవాత ఐదారేళ్ళు పట్టవచ్చు. వాన వెలిసిన రాత్రి టార్చి పట్టుకుని చెరువు గట్టుకి వెళ్ళి రెండు గంటలు కూర్చుని చూడండి. విసుగు రాకపోతే అప్పుడు ఆలోచిద్దాం.

నాకు పాములంటే భయం. పనికిరానా?

భేషుగ్గా పనికొస్తారు. నాకూ భయమే. భయం లేనివాళ్ళతో ఫీల్డ్‌కి వెళ్ళడమంటే ఇంకా భయం.

తెలుగు మీడియంలో చదివాను. ఇంగ్లిష్‌లో పేపర్లు అర్థం కావేమో?

మొదటి ఆరు నెలలు కష్టం. రోజుకో పరిశోధన పత్రంలో సారాంశం, బొమ్మల కింద రాసిన వాక్యాలు మాత్రం చదవండి. మిగతాది మెల్లగా వస్తుంది. మీ దగ్గర ఇంకో ఆస్తి కూడా ఉంది. గోండ్రుకప్పకీ బోదురుకప్పకీ తేడా, నీరుకట్టె ఎక్కడ దొరుకుతుంది, నలికిరి ఏ వేళ బయటికొస్తుంది వంటివి ఊళ్ళో పెద్దవాళ్ళ నోట వినేవుంటారు. ఫీల్డ్‌లో సగం సమాచారం గొర్రెల కాపరులూ చేపలు పట్టేవాళ్ళూ ఇచ్చేదే. వాళ్ళతో వాళ్ళ మాటల్లో మాట్లాడగలగడం చిన్న విషయం కాదు.

## డిగ్రీలో ఉండగా

సిలబస్‌లో కప్ప, తొండ గురించి నాలుగు పేజీలే ఉన్నాయి. సొంతంగా ఏం చదవాలి?

మొదట మీ జిల్లాలో కనిపించే ఓ ఇరవై జాతుల్ని గుర్తుపట్టడం నేర్చుకోండి. చెట్టుకప్ప, గోండ్రుకప్ప, తొండ, గోడ మీది బల్లి, జెర్రిపోతు, నీరుకట్టె, పసరిక పాము. ఫోటో తీసి ఐనాచురలిస్ట్‌లోనో ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లోనో పెడితే తెలిసినవాళ్ళు సరిదిద్దుతారు. పేర్ల కోసం రెప్టైల్ డేటాబేస్, ఆంఫీబియావెబ్ ఉచితం. దీనితో పాటు పరిణామం, ఎకాలజీ, జన్యుశాస్త్రం గట్టిగా చదవాలి. పేర్లు గుర్తుపట్టగలిగితే సగం పనే అయినట్టు. ‘ఇది ఇక్కడే ఎందుకు ఉంది?’ అని అడగడానికి మిగతా సగం కావాలి.

కప్పను కోయాల్సి ఉంటుందా?

లేదు. మా అక్కల తరంలో ప్రతి ప్రాక్టికల్‌కీ బతికున్న కప్పల్ని బుట్టల్లో తెచ్చేవారు. 2014లో యూజీసీ డిగ్రీ, పీజీ జువాలజీలో డిసెక్షన్లు ఆపేయమంది. ఇప్పుడు మోడళ్ళు, బొమ్మలు, సాఫ్ట్‌వేర్, పాత సీసాలతోనే సరి. కప్పలకు మంచిదే. అయితే గుండెలో మూడు గదులు కంటితో చూసిన తరానికీ మనకూ తేడా ఉంది. అందుకే మ్యూజియంలో భద్రపరిచిన నమూనాలూ ఎముకల గూళ్ళూ ఎక్కువసేపు చూడండి.

పుస్తకంలో రానా టైగ్రినా అని ఉంది. ఇంటర్నెట్‌లో హోప్లోబాట్రాకస్ అంటున్నారు. ఏది రాయాలి?

పరీక్షలో మీ పుస్తకంలో ఉన్న పేరు రాసి, పక్కన కొత్త పేరు కూడా రాయండి. ఏ లెక్చరరూ మార్కు కోయరు. ఒకప్పుడు కనబడిన కప్పనల్లా ‘రానా’ అన్నారు. చుట్టరికాలు తేలాక ఆ పెద్ద కుటుంబం వేరు కాపురాలు పెట్టింది. మన బోదురుకప్ప ఇప్పుడు హోప్లోబాట్రాకస్ టైగెరినస్. రానా హెక్సాడాక్టైలా యూఫ్లిక్టిస్ హెక్సాడాక్టైలస్ అయింది. గోండ్రుకప్ప బూఫో నుంచి డట్టాఫ్రైనస్ మెలనోస్టిక్టస్‌కి మారింది. ఆ ‘డట్టా’ మన పక్క రాష్ట్రం ఒడిశాకి చెందిన ఉభయచరాల శాస్త్రవేత్త సుశీల్ కుమార్ దత్తా గౌరవార్థం పెట్టినది.

కట్లపాముకీ వుల్ఫ్ స్నేక్‌కీ తేడా ఎలా చెప్పాలి?

ఎక్కువమంది అడిగేది ఇదే, ఎక్కువమంది తప్పు చెప్పేదీ ఇదే. కట్లపాముది ప్రాణాంతకమైన విషం. వుల్ఫ్ స్నేక్‌కి విషం లేదు, ఇళ్ళలో బల్లుల కోసం తిరుగుతుంది. రెండింటికీ ముదురు ఒంటి మీద తెల్లటి పట్టీలే. సాధారణంగా కట్లపాములో పట్టీలు మెడ దగ్గర మసగ్గా ఉండి తోక వైపు స్పష్టమవుతాయి, తరచూ జంటజంటగా ఉంటాయి. వుల్ఫ్ స్నేక్‌లో మెడ దగ్గర కొట్టొచ్చినట్టుండి తోక వైపు మాసిపోతాయి. కానీ పట్టీల్ని నమ్మకండి, ముఖ్యంగా పిల్ల పాముల్లో.

నమ్మాల్సినవి పొలుసులు. మ్యూజియం సీసాలోని కట్లపామును ట్రేలో పెట్టి, భూతద్దంతో వీపు మధ్య వరస చూడండి. పక్క పొలుసుల కన్నా పెద్దవిగా, ఆరు మూలలతో, వెన్ను పొడవునా ఫ్లోరింగ్ టైల్స్ పేర్చినట్టు కనిపిస్తాయి. ఒంటి మధ్యలో అడ్డంగా లెక్కపెడితే 15 వరసలు. తోక కింద పొలుసులు చీలకుండా ఒక్కొక్కటే. వుల్ఫ్ స్నేక్‌లో వెన్ను వరసకి ఆ ప్రత్యేకత లేదు, మధ్యలో 17 వరసలు, తోక కింద పొలుసులు రెండేసిగా చీలి ఉంటాయి. ముక్కు పొలుసుకీ కంటి ముందు పొలుసుకీ మధ్య లోరియల్ అనే చిన్న పొలుసు వుల్ఫ్ స్నేక్‌కి ఉంటుంది. కట్లపాముకీ నాగుపాముకీ ఉండదు. నేను మొదటిసారి ఈ లెక్క పెట్టినప్పుడు మూడుసార్లకు మూడు అంకెలు వచ్చాయి. గుండుసూదితో ఒక్కో పొలుసునీ ముట్టుకుంటూ లెక్కిస్తేనే కుదిరింది. ఇది సీసాలోని పాముకి మాత్రమే. ఇంట్లో దూరినదాని వీపు పొలుసులు లెక్కపెట్టబోకండి, చచ్చిన పాము తలనైనా ముట్టుకోకండి.

మా ఊళ్ళో పాములు నేనే పడతాను. అడ్మిషన్‌కి ఉపయోగపడుతుందా?

పట్టడం కాదు, రాసుకోవడం ఉపయోగపడుతుంది. ఎన్నో తేదీ, ఎన్ని గంటలకు, వంటగదిలోనా గడ్డివాములోనా, ఏ జాతి, ఎంత పొడవు, ఎక్కడ వదిలారు. రెండేళ్ళు ఇలా రాస్తే అది డేటా. మెడలో వేసుకుని దిగిన ఫోటోలు ఇంటర్వ్యూలో చూపిస్తే ఎదురుదెబ్బే. ఒక మాట గట్టిగానే చెబుతాను. అటవీ శాఖ అనుమతీ శిక్షణా లేకుండా పట్టడం చట్టరీత్యా నేరం, పైగా బాగా పట్టడం వచ్చినవాళ్ళే కాటుకి గురైన సంగతులు నాకు చాలా తెలుసు.

నక్షత్ర తాబేలు కొని పెంచుకుంటూ చదువుకోవచ్చా?

వద్దు. అది వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జాతి, అమ్మినా కొన్నా నేరమే. రెండు తలల పాముదీ అదే కథ. దానికి రెండు తలలూ లేవు, దాన్ని ఇంట్లో పెట్టుకుంటే డబ్బూ రాదు. మొద్దుబారిన తోక తలలా కనబడటం తప్ప అందులో మాయ లేదు.

## ఎమ్మెస్సీ

ఎమ్మెస్సీ ఎక్కడ చేయాలి?

మామూలు దారి: తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో పీజీసెట్ రాసి ఉస్మానియా, కాకతీయ, ఆంధ్ర, వేంకటేశ్వర వంటి చోట్ల జువాలజీ. సీయూఈటీ పీజీ రాస్తే పుదుచ్చేరిలో ఎకాలజీ లాంటివి అందుబాటులోకొస్తాయి. వన్యప్రాణులే కావాలంటే దెహ్రాదూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్ కోర్సులు పేరున్నవి. ఎన్‌సీబీఎస్ కోర్సు ఏటా కాకుండా రెండేళ్ళకోసారి విద్యార్థుల్ని తీసుకుంటూ వచ్చింది, కాబట్టి లెక్క ముందే వేసుకోండి. వీటిలో సీట్లు చాలా తక్కువ. రాకపోతే కుంగిపోకండి. మామూలు జువాలజీ ఎమ్మెస్సీలో మంచి ప్రాజెక్టు చేసి తరవాత పీహెచ్‌డీకి మంచి ల్యాబ్‌కి వెళ్ళినవాళ్ళు చాలామంది.

ప్రాజెక్టుకి ఏ టాపిక్ తీసుకోవాలి? గైడ్ ‘జిల్లాలో సరీసృపాల వైవిధ్యం’ చేయమన్నారు.

ఆ టాపిక్‌తో ఏటా ఎన్ని డిసర్టేషన్లు బైండింగ్ అవుతున్నాయో లెక్కలేదు. నాలుగు నెలల్లో ఒక జిల్లా తిరగలేరు. తిరిగినా చివరికి మిగిలేది పేర్ల జాబితా. నా అభిప్రాయం ఒకటే: చోటు చిన్నదిగా, ప్రశ్న పదునుగా ఉండాలి.

ఉదాహరణకి చెట్టుకప్ప తీసుకోండి, హాస్టల్ బాత్రూముల్లో గోడకి అతుక్కుని ఉండేదే. వానాకాలంలో ఇది నీళ్ళ మీదికి వాలిన కొమ్మకో, సిమెంటు తొట్టి లోపలి గోడకో నురగ గూడు కడుతుంది. ఆడకప్ప వదిలిన ద్రవాన్ని వెనక కాళ్ళతో, మనం మజ్జిగ చిలికినట్టు చిలికి నురగ చేస్తుంది. గుడ్లు ఆ నురగలో ఉంటాయి. పై పొర ఎండి అప్పడంలా గట్టిపడుతుంది, లోపల తడి ఆరదు. కొన్ని రోజులకి గూడు అడుగు కరిగి తోకకప్పలు కింది నీళ్ళలోకి జారతాయి. ఇప్పుడు ప్రశ్నలు చూడండి. నీటికి ఎంత ఎత్తున కడుతున్నాయి? నీడలో కట్టినవి ఎక్కువ నిలుస్తున్నాయా? వాన ఆలస్యమైతే ఏమవుతున్నాయి? ఒక క్యాంపస్, ఒక టేపు, ఒక థర్మామీటర్ చాలు.

ఇంకా కావాలంటే రోడ్ల మీద నలిగి చచ్చే కప్పల లెక్క, ఫోన్‌తో రికార్డు చేసిన కప్పల అరుపులు, తొండలు ఏ ఎండకి ఎక్కడ కూర్చుంటున్నాయి వంటివి చూడండి. కోస్తాలో ఉన్నవాళ్ళకి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఉన్నాయి. ఇసుక వేడిని బట్టి పిల్ల ఆడో మగో తేలుతుంది, వేడి పెరిగితే ఆడపిల్లలే ఎక్కువ. గుడ్లు పొదిగించే అటవీ శాఖ హేచరీలో అనుమతి తీసుకుని గుడ్ల గుంట వేడిని రోజూ నమోదు చేస్తే, అది దేశంలో ఎక్కడైనా చూపించగల పని.

అనుమతులు తప్పనిసరా? మా సీనియర్లు అడక్కుండానే చేశారు.

తప్పనిసరి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ‘వేట’ అంటే చంపడమే కాదు, పట్టుకోవడం కూడా. చదువు కోసమో పరిశోధన కోసమో అయితే సెక్షన్ 12 కింద రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఇవ్వవచ్చు. చట్టంలో ఎక్కువ రక్షణ ఉన్న మొదటి షెడ్యూల్ జంతువులకైతే కేంద్రం అంగీకారమూ కావాలి. ఈ కాగితాలకి నెలలు పడుతుంది. క్యాంపస్‌లో ముట్టుకోకుండా చూసి రాసుకోవడానికి ఈ గొడవ లేదు, అందుకే ఎమ్మెస్సీకి అలాంటి పనే మేలు. సరైన అనుమతి సంఖ్య లేకపోతే మంచి పత్రికలు మీ పేపర్ తీసుకోవు.

లెక్కలంటే పారిపోయి బైపీసీలో చేరాను. స్టాటిస్టిక్స్ తప్పదా?

తప్పదు. కంప్యూటర్లో ఈ లెక్కలు చేసే ‘ఆర్’ సాఫ్ట్‌వేర్ ఉచితం, ఇవాళే మొదలుపెట్టండి. డేటా సేకరించాక కాదు, ముందే స్టాటిస్టిక్స్ తెలిసినవారికి మీ ప్లాన్ చూపించండి.

## ఫీల్డ్‌వర్క్

మొదటి ఫీల్డ్‌కి ఏమేం కొనాలి?

తలకి కట్టుకునే టార్చి, స్పేర్ బ్యాటరీలు, మోకాలి దాకా గంబూట్లు, వెర్నియర్ కాలిపర్, చిన్న స్ప్రింగ్ త్రాసు, నోట్‌బుక్, పెన్సిల్. పెన్ను కాదు, పెన్సిల్. నా మొదటి వానాకాలం నోట్సు జెల్ పెన్నుతో రాసుకున్నాను. ఒక రాత్రి సంచీలోకి నీళ్ళు దిగి, పదకొండు రాత్రుల పని నీలం మరకలుగా మిగిలింది. రాత్రి గదికి రాగానే ప్రతి పేజీ ఫోటో తీసే అలవాటు అప్పుడు పట్టుకుంది. పాములు పట్టే స్టిక్ కొనొద్దు, చేతిలో ఉంటే వాడాలనిపిస్తుంది.

ఫీల్డ్‌లో పాము కరిస్తే ఏం చేయాలి?

కరిచిన చోటు కోయొద్దు, నోటితో పీల్చొద్దు, తాడు బిగించి కట్టొద్దు, మంత్రం దగ్గరికి వెళ్ళొద్దు. ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయండి. కాలుగానీ చేయిగానీ కదలకుండా కర్రతో కట్టి, 108కి ఫోన్ చేసి, యాంటీవెనమ్ ఉన్న ఆస్పత్రికి వెళ్ళండి. పామును పట్టి తీసుకెళ్ళనక్కర్లేదు. మన దగ్గర వాడే యాంటీవెనమ్ నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర నాలుగింటి విషానికీ కలిపి తయారైనదే. కట్లపాము కాటు నొప్పి లేకుండా, మచ్చ కూడా కనబడకుండా ఉండొచ్చు. అందుకే నేల మీద పడుకుని తెల్లవారుజామున కడుపునొప్పితోనో రెప్పలు వాలిపోతూనో లేచినవాళ్ళని ‘గ్యాస్’ అని వదిలేయకూడదు. 2020లో వెలువడిన అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటుతో పోయినవాళ్ళు సుమారు 12 లక్షలు. ఏ ఊరికి ఫీల్డ్‌కి వెళ్ళినా ముందు రోజే దగ్గరి ఆస్పత్రికి వెళ్ళి యాంటీవెనమ్ ఉందో లేదో అడిగి రండి.

అమ్మాయిని. రాత్రిళ్ళు చెరువుల దగ్గర పని అంటే ఇంట్లో ఒప్పుకోవడం లేదు.

మా అమ్మ ఒప్పుకోవడానికి ఏడాది పట్టింది. ఒకరోజు ఆవిడని చెరువు దగ్గరికి తీసుకెళ్ళాను. తొలకరికి పసుపు రంగు తిరిగిన మగ బోదురుకప్పలు నీలం బుగ్గలు ఊదుకుంటూ అరుస్తుంటే చూసి, ‘వీటి కోసమా’ అని నవ్వింది. కానీ వాళ్ళ భయం కప్పల గురించి కాదు, మనుషుల గురించి. అది నిజమైన భయమే. ఒంటరిగా వెళ్ళకూడదనే నియమం అబ్బాయిలకీ అమ్మాయిలకీ ఒకటే ఉండాలి. ఊరి సర్పంచికో బీట్ ఆఫీసర్‌కో పగలే కనబడి చెప్పండి. ఆ ఊరి మనిషినే సహాయకుడిగా పెట్టుకుని కూలి ఇవ్వండి. రాత్రి పని అసలు కుదరకపోతే తొండలూ నలికిరీలూ పగటి జీవులే, వాటి మీద చేసే పని ఏ రకంగానూ తక్కువ కాదు.

నమూనాని ఫార్మలిన్‌లో వేయాలా, ఆల్కహాల్‌లోనా?

అనుమతి ఉందనుకుని చెబుతున్నాను. మొదట డీఎన్‌ఏ కోసం చిన్న కండ ముక్క తీసి శుద్ధ ఇథనాల్‌లో వేయాలి. ఆ తరవాతే శరీరాన్ని ఫార్మలిన్‌లో బిగుసుకోనిచ్చి, కడిగి, 70 శాతం ఇథనాల్‌కి మార్చాలి. ఈ వరస తలకిందులైతే డీఎన్‌ఏ దాదాపు పోయినట్టే, ఫార్మలిన్ దాన్ని ముక్కలు చేస్తుంది.

## పీహెచ్‌డీ, ఉద్యోగం

జేఆర్‌ఎఫ్ వస్తే ఎంత ఇస్తారు? నెట్‌లో ఏ పేపర్?

సీఎస్‌ఐఆర్ నెట్‌లో లైఫ్ సైన్సెస్. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధన చేసేవాళ్ళకిచ్చే ఫెలోషిప్, నెలకి 37,000 రూపాయలు, రెండేళ్ళ తరవాత దాని పై మెట్టు ఎస్‌ఆర్‌ఎఫ్ 42,000, ఇంటి అద్దె భత్యం వేరు. అణుజీవశాస్త్రం చూసి బెదరకండి. జీవవైవిధ్యం, ఎకాలజీ, పరిణామం-ప్రవర్తన యూనిట్లలో గట్టిగా ఉన్నవాళ్ళు గట్టెక్కగలరు. గేట్‌లో ‘ఎకాలజీ అండ్ ఎవల్యూషన్’ అని విడిగా ఓ పేపరుంది, మనవాళ్ళలో చాలామందికి తెలియదు.

అమెరికాలో ఎంఎస్ చేస్తే?

మనవాళ్ళు కంప్యూటర్ ఎంఎస్‌కి వెళ్ళినట్టు అప్పు చేసి దీనికి వెళ్ళొద్దు, ఆ జీతాలు ఇందులో ఉండవు. థీసిస్ ఉన్న, టీచింగ్ అసిస్టెంట్‌షిప్ ఇచ్చే సీటో, నేరుగా పీహెచ్‌డీయో చూడండి. యూనివర్సిటీ ర్యాంకు కాదు, మీ జంతువు మీద పనిచేసే ప్రొఫెసర్‌ని వెతికి, ఆయన రాసిన రెండు పేపర్లు చదివాక మెయిల్ రాయండి.

ఉద్యోగాలు నిజంగా ఉన్నాయా?

ఉన్నాయి, తక్కువ. కాలేజీ లెక్చరర్, జువలాజికల్ సర్వే, అటవీ శాఖ పరీక్షలు, జూలు, సంరక్షణ సంస్థల ప్రాజెక్టులు, పర్యావరణ ప్రభావ నివేదికలు రాసే కన్సల్టెన్సీలు. హైదరాబాద్‌లో అంతరించిపోతున్న జాతుల మీద పనిచేసే సీసీఎంబీ వారి ల్యాబ్ లాకోన్స్ వంటి చోట్ల జన్యు పరిశోధన. ప్రాజెక్టు ఉద్యోగాలు ఏడాదికో రెండేళ్ళకో అయిపోతాయి, మళ్ళీ వెతుక్కోవాలి. ఇంటి బాధ్యత వెంటనే మీద ఉన్నవాళ్ళు బీఎడ్ చేసి టీచరుగా చేరి, సెలవుల్లో కప్పల పని చేసినా నష్టం లేదు. అలా చేస్తున్నవాళ్ళ నోట్సులు నేను చాలాసార్లు అడిగి తీసుకున్నాను.

కొత్త జాతి కనుక్కుంటే నా పేరు పెట్టుకోవచ్చా? అసలు మన దగ్గర ఇంకా కొత్తవి మిగిలాయా?

రెండోదానికి ముందు జవాబు: మిగిలాయి. ఊదా కప్ప పశ్చిమ కనుమల్లో శాస్త్రానికి తెలిసింది 2003లో. తూర్పు కనుమల సిసీలియన్ గెగెనియోఫిస్ ఓరియెంటాలిస్‌ని 2013లో వర్ణించారు. గిరినాగు (కింగ్ కోబ్రా) ఒక్క జాతి కాదని 2024లో తేల్చి నాలుగుగా విడదీశారు. బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త బెడ్డోమ్ 1870లో వర్ణించిన బంగారు బల్లి మళ్ళీ తిరుమల కొండల్లో కనబడింది 1980లలో. తూర్పు కనుమల్లో పని చేసినవాళ్ళే తక్కువ.

ఇక పేరు. ఎవరి పేరు వాళ్ళే పెట్టుకోవడం మర్యాద కాదు, ఎవరూ చేయరు. కొండ పేరో, ఊరి పేరో, గురువు పేరో పెడతారు. తెలుగు మాట కూడా పెట్టవచ్చు, అది ఎప్పుడో జరిగింది. 18వ శతాబ్దం చివర ఈస్టిండియా కంపెనీలో ప్రకృతి శాస్త్రవేత్తగా పనిచేసిన డాక్టరు పాట్రిక్ రసెల్ విశాఖపట్నంలో ఉండి కోరమాండల్ తీరం పాముల్ని సేకరించి, 1796లో అచ్చువేసిన గ్రంథంలో స్థానికులు చెప్పిన పేర్లు వినబడ్డది వినబడ్డట్టు రాసుకున్నాడు. రక్తపింజరకి ఆయన రాసింది ‘కటుక రేకుల పొడ’. పసుపు పట్టీల కట్లపాముకి ‘బంగారం పాము’. ఆ బంగారమే లాటిన్ వేషం వేసుకుని బంగారస్ అయింది. ఇవాళ ప్రపంచంలోని కట్లపాములన్నిటి ప్రజాతి పేరు అదే.